ఖజానాకూ తరగతి గదికీ మధ్య ఒక కుర్చీ

(విశాఖపట్నంలో మాజీ సైనికులు, వారి కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మాజీ నావికులకు, సైనికులకు, వాళ్లు ఊరూరా తిరుగుతున్నప్పుడు ఇల్లు నడిపిన అమ్మలకు ప్రత్యేకంగా నమస్కారం.

నేను ఈ ఊళ్లోనే పెరిగాను. మా నాన్నగారు నౌకాదళంలో పనిచేసి నలభై నిండకముందే బయటికి వచ్చారు. ఆయన ఇంటికి తెచ్చుకున్న నల్ల ఇనప ట్రంకు పెట్టె ఇప్పటికీ మా అమ్మ మంచం కింద ఉంది. మూత మీద తెల్ల రంగుతో పేరు, నంబరు. మీ ఇళ్లలోనూ అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఓడలో రేడియో పరికరాన్ని విప్పి, లోపం కనిపెట్టి, మళ్లీ బిగించగలిగిన మనిషి ఆయన. బయటికి వచ్చాక ఎక్కడికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒక్కటే: డిప్లొమా ఉందా? పని చేతుల్లో ఉంది, కాగితం లేదు. సాయంత్రం పూట నడిచే ఒక శిక్షణ సంస్థలో డబ్బు కట్టి చేరారు. ఆరు నెలలు తిరక్కుండానే ఆ సంస్థకు తాళం పడింది. కట్టిన డబ్బు పోయింది. ఎవరిని అడగాలో ఆయనకు తెలియలేదు. అసలు అడగడానికి ఒక చోటు ఉంటుందని కూడా ఆయన అనుకోలేదు.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ చోటు గురించే.

పద్నాలుగేళ్లుగా నేను అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో ఒక రెండేళ్ల కాలేజీలో పనిచేస్తున్నాను. నా ఉద్యోగాన్ని అక్కడ స్కూల్ సర్టిఫయింగ్ అఫీషియల్ అంటారు. సైన్యం నుంచి వచ్చినవాళ్లు మా కాలేజీలో చేరితే, ఏ కోర్సు, ఎన్ని గంటలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అనేది సరిచూసి ప్రభుత్వానికి ధ్రువీకరించి పంపాలి. నేను పంపితేనే ఫీజు వస్తుంది, అద్దెకు భత్యం వస్తుంది. మధ్యలో ఒక సబ్జెక్టు పూర్తిగా వదిలేస్తే అది కూడా నేనే తెలియజేయాలి, అప్పుడు డబ్బు వెనక్కి లాగుతారు. ఒక్క అంకె తప్పు కొడితే ఒక కుటుంబం ఆ నెల ఇబ్బంది పడుతుంది. అందుకే ఈ చట్టాలను నేను పుస్తకంలోని విషయాలుగా చూడలేను.

అమెరికా చట్టాల సంకలనంలో 38వ భాగం మాజీ సైనికులది. అందులో 3692 అనే చిన్న సెక్షన్ ఉంది. అచ్చులో అర పేజీ కూడా ఉండదు. మాజీ సైనికుల చదువు పథకాల మీద ప్రభుత్వానికి సలహా చెప్పడానికి ఒక సంఘం ఉండాలని ఆ సెక్షన్ చెబుతుంది. దాని విలువ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతుండగానే, తిరిగి వచ్చే లక్షలాది మందిని ఏం చేయాలన్న ప్రశ్న అమెరికాను పట్టుకుంది. హ్యారీ కోల్మరీ అనే న్యాయవాది వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్ గదిలో కూర్చుని ఒక ముసాయిదా రాశారు. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకంతో అది చట్టమైంది. దాన్నే జీఐ బిల్లు అంటారు. ఏడాదికి 500 డాలర్ల వరకు చదువు ఖర్చు, దానికి తోడు నెలనెలా పోషణ భత్యం. 1956లో ఆ పథకం ముగిసేనాటికి 78 లక్షల మంది ఏదో ఒక చదువో శిక్షణో పొందారు. వాళ్లలో దాదాపు 22 లక్షల మంది కాలేజీలకు వెళ్లారు. రైతు కొడుకులు, గని కార్మికుల కొడుకులు, ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కనివాళ్లు ఇంజినీర్లయ్యారు, టీచర్లయ్యారు. ఒక దేశం తన సైనికులకు పెట్టిన భోజనాల్లో ఇంతకంటే పెద్ద విస్తరి నాకు తెలియదు. అయితే ఆ పంక్తిలో అందరికీ సమానంగా వడ్డించలేదు. జాతి వివక్ష రాజ్యమేలుతున్న రోజులవి. నల్లజాతి సైనికుడు అదే చట్టం కింద అదే హక్కు పట్టుకుని వెళితే చాలా కాలేజీల తలుపులు తెరుచుకోలేదు.

బెల్లం ఉన్నచోట ఈగలు ముసురుతాయి. ప్రభుత్వం ఫీజు నేరుగా బడికే కడుతోందని తెలియగానే కొత్త బడులు వేల సంఖ్యలో పుట్టుకొచ్చాయి. డాన్సు నేర్పుతామన్నారు, బార్‌లో మద్యం కలపడం నేర్పుతామన్నారు. హాజరు పుస్తకంలో పేరుంటే చాలు, కుర్రాడు వచ్చాడో లేదో ఎవరికీ పట్టలేదు. నేర్చుకున్నవాడికి ఉద్యోగం వచ్చిందా అని ఎవరూ అడగలేదు.

అప్పుడు కదిలిన మనిషి ఓలిన్ టీగ్. మా టెక్సస్ నుంచి కాంగ్రెస్‌కు, అంటే అమెరికా పార్లమెంటుకు, ఎన్నికైన సభ్యుడు. యుద్ధంలో తీవ్రంగా గాయపడి వచ్చినవాడు. 1950లో ప్రతినిధుల సభ ఈ అక్రమాల మీద ఒక ప్రత్యేక విచారణ సంఘం వేసి ఆయనకు అప్పగించింది. తన తోటి సైనికుల కోసం పెట్టిన పథకాన్నే తవ్వి, దాని కుళ్లు బయటపెట్టడం ఎంత కష్టమైన పనో ఆలోచించండి. పథకాన్నే ఎత్తేస్తారేమో అన్న భయం ఉంటుంది. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. ఆ విచారణ తరువాత, కొరియా యుద్ధ సైనికుల కోసం 1952లో వచ్చిన చట్టం తీరు మారింది. డబ్బు బడికి పోకుండా సైనికుడి చేతికే వచ్చింది. ఇంకో షరతు పెట్టారు. లాభం కోసం నడిపే శిక్షణ కోర్సులో ప్రభుత్వ డబ్బుతో చదివే మాజీ సైనికులు నూటికి 85 మందికి మించకూడదు. కనీసం 15 మంది జేబులోంచి తీసి కట్టడానికి ఇష్టపడాలి. సొంత డబ్బుతో ఒక్కరూ చేరని చదువు మంచి చదువు కాదన్న ఇంగితం అది. మా అమ్మమ్మ సంతలో జనం లేని అంగడి దగ్గర కూరగాయలు కొనేది కాదు. అదే లెక్క.

ఇక సెక్షన్ దగ్గరికి వస్తాను. అందులో ఏముంది? విద్య, శ్రామిక, యాజమాన్య రంగాల్లో ప్రముఖులైనవాళ్లు, మాజీ సైనికులకు చదువు, శిక్షణ ఇచ్చే రకరకాల సంస్థల ప్రతినిధులు సంఘంలో ఉండాలి. సాధ్యమైనంత వరకు ఒక్కో యుద్ధ కాలం నుంచీ సైనికులు ఉండాలి: రెండో ప్రపంచ యుద్ధం, కొరియా, వియత్నాం, గల్ఫ్. విద్యా శాఖ నుంచి ఒక సహాయ కార్యదర్శి, కార్మిక శాఖ నుంచి ఒక సహాయ కార్యదర్శి పదవి రీత్యా సభ్యులు. మాజీ సైనికుల వ్యవహారాల కార్యదర్శి, అంటే మన లెక్కలో ఆ శాఖ మంత్రి, ఎప్పటికప్పుడు ఈ సంఘాన్ని సంప్రదించి సలహా తీసుకోవాలి. సంఘం తన సిఫారసులను కార్యదర్శికే కాక కాంగ్రెస్‌కు కూడా ఇవ్వవచ్చు.

ఆ చివరి వాక్యమే నాకు ప్రాణం. ఏ శాఖ తప్పును ఎత్తి చూపుతున్నారో ఆ శాఖ సొరుగులోకే నివేదిక వెళ్తే అక్కడే బూజు పడుతుంది. కాంగ్రెస్‌కు కూడా వెళ్తుందంటే, నియోజకవర్గంలో ఓట్లు అడిగే మనిషి చేతికి అందుతుంది.

‘సలహా సంఘమే కదా, దానికి అధికారం ఏముంది?’ అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. నిజమే. సంఘం ఒక్క బడిని మూయించలేదు, ఒక్క డాలరు ఆపలేదు. బడులకు అనుమతి ఇచ్చేదీ తీసేసేదీ రాష్ట్రాల్లోని ఆమోద సంస్థలు. కానీ 1972లో అమెరికాలో సలహా సంఘాల మీద ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వానికి సలహా ఇచ్చే సంఘం మూసిన తలుపుల వెనక కూర్చోవడానికి వీల్లేదని, సమావేశం తేదీని ముందుగా ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటించాలని, ప్రజలను రానివ్వాలని, మాట్లాడినది రాసిపెట్టాలని, సభ్యుల్లో ఒకే పక్షం వాళ్లు నిండిపోకూడదని ఆ చట్టం చెప్పింది. ఆదేశించే అధికారం లేని గొంతుకు ఆ రాత ప్రతే బలం. ‘ఈ లోపం మాకు తెలియదు’ అని తరువాత ఎవరూ అనలేరు. ఫలానా తేదీన ఫలానా మాట మీ ముందు చెప్పారు, ఇదిగో కాగితం. మా నాన్నగారికి లేనిది సరిగ్గా ఇదే.

నిఘా సడలితే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత పనిచేసిన సైనికుల కోసం, వియత్నాంలో పోరాడి వచ్చిన సెనేటర్ జిమ్ వెబ్ పూనికతో 2008లో కొత్త జీఐ బిల్లు వచ్చింది. 36 నెలల చదువు, ప్రభుత్వ కాలేజీలో పూర్తి ఫీజు, అద్దె భత్యం. చాలా ఉదారమైన చట్టం. కానీ పక్కనే విద్యా శాఖ చట్టంలో ఒక కన్నం ఉంది. లాభాపేక్షతో నడిచే కాలేజీలు తమ రాబడిలో 90 శాతానికి మించి కేంద్ర విద్యార్థి సహాయ నిధుల నుంచి తీసుకోకూడదు, మిగతా 10 శాతం బయటి నుంచి రావాలి అని నియమం. మంచిదే. అయితే మాజీ సైనికుల డబ్బు కూడా ప్రభుత్వ డబ్బే అయినా దాన్ని ఆ 10 శాతంలో, అంటే బయటి డబ్బు కింద లెక్కకట్టారు. దీని అర్థం ఏమిటో చూడండి. ఒక మాజీ సైనికుణ్ణి చేర్చుకుని ఒక డాలరు తెచ్చుకుంటే, ఇంకో తొమ్మిది డాలర్ల ప్రభుత్వ సొమ్ముకు దారి తెరుచుకుంటుంది. ఇక వాళ్ల సైనికుల వేట ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఫోను మీద ఫోను. ప్రభుత్వ వెబ్‌సైటే అనిపించేలా జీఐ బిల్లు పేరుతో ఒక సైటు పెట్టి, అందులో వివరాలు నింపిన సైనికుల ఫోను నంబర్లను కాలేజీలకు చేరవేసిన మార్కెటింగ్ సంస్థ కూడా ఉంది. 20 రాష్ట్రాల అటార్నీ జనరళ్లు వెంటపడితే 2012లో ఆ సైటును ప్రభుత్వానికి అప్పగించింది.

ఆ కన్నం పూడ్చే చట్టం ఎప్పుడు వచ్చింది? 2021లో. అమలయింది 2023 నుంచి. ఈలోగా ఎంతమంది నెలలు కరిగిపోయాయో.

ఆ నెలల గురించి ఒక మాట చెప్పాలి. 2016 చివర్లో మా కాలేజీలో నా బల్ల ముందుకు ఒక కుర్రాడు వచ్చాడు. ముప్ఫై లోపు. సైన్యంలో ట్యాంకులు బాగుచేసేవాడు. గోళ్ల అంచుల్లో నలుపు ఇంకా పోలేదు, ఏదో గ్యారేజీలో రోజుకూలీకి చేస్తున్నాడు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. ప్రభుత్వ ఖర్చుతో ఇంకా ఎన్ని నెలలు చదవవచ్చో చెప్పే అర్హత పత్రం. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించాడు. తను చదువుతున్న కాలేజీ రాత్రికి రాత్రి మూతపడింది. ఇరవై ఏడు నెలలు అక్కడ ఖర్చయిపోయాయి. ఆ మార్కులను మరే కాలేజీ తీసుకోనంది. కాగితం మీద మిగిలింది తొమ్మిది నెలలు. తొమ్మిది నెలల్లో డిగ్రీ ఎలా వస్తుంది మేడమ్ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు ఇంటికి వెళ్లాక ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. సముద్రాలు దాటినా అదే కథ.

ఇప్పుడు ఈ సెక్షన్ మీద నాకున్న రెండు ఫిర్యాదులు చెబుతాను. ప్రేమ ఉన్నచోటే ఫిర్యాదు ఉంటుంది.

మొదటిది గడువు. ఈ సంఘం శాశ్వతం కాదు. ఫలానా ఏడాది డిసెంబరు 31 వరకు ఉంటుంది అని సెక్షన్ చివర ఒక వాక్యం. ఆ తేదీ దగ్గరపడినప్పుడల్లా కాంగ్రెస్ మరో చట్టంతో ఆ ఏడాది అంకెను మార్చాలి. చదువు పథకానికి గడువు లేదు, దాన్ని చూసే కళ్లకు మాత్రం ఉంది. కాలం చెల్లిన సంఘాలు ఊరికే సాగకుండా ఇలా పెడతారని చెబుతారు, ఆ వాదన నాకు అర్థమవుతుంది. కానీ కాపలాదారుకు గడువు వచ్చినప్పుడల్లా ‘వచ్చే ఏడు నువ్వు ఉంటావో లేదో’ అని చెప్పి, రాత్రంతా మెలకువగా ఉండమంటే ఎలా? పథకం ఎన్నాళ్లు ఉంటే సంఘం అన్నాళ్లు ఉండాలి. చట్టంలో ఆ ఒక్క వాక్యం మారితే చాలు.

రెండోది ‘ప్రముఖులు’ అన్న మాట. ప్రముఖులు కావాలి, కాదనను. కానీ ఇల్లు ఎక్కడ కారుతోందో కింద చాప వేసుకుని పడుకున్నవాడికి తెలుస్తుంది. 2017లో జీఐ బిల్లుకు పెద్ద సవరణ వచ్చింది, కోల్మరీ పేరే దానికి పెట్టారు. అందులో ఒక నిబంధన: అద్దె భత్యాన్ని కాలేజీ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరిని బట్టి కాకుండా, విద్యార్థి ఎక్కువ క్లాసులకు వెళ్లే చోటును బట్టి లెక్కకట్టాలి. న్యాయమైన ఆలోచన. 2018 ఆగస్టు 1 నుంచి అమలు కావాలి. కొత్త లెక్కకు కంప్యూటర్ వ్యవస్థ సిద్ధం కాలేదు. ఆ శరదృతువులో చెల్లింపులు ఆలస్యమయ్యాయి, అద్దె కట్టలేక ఇబ్బంది పడిన విద్యార్థుల వార్తలు దేశమంతా వచ్చాయి. నవంబరులో కాంగ్రెస్ విచారణ జరిగింది. చివరికి 2019 డిసెంబరుకు గాని కొత్త లెక్క గాడిన పడలేదు. చట్టం రాసినవాళ్ల మనసు మంచిదే. అయితే రోజూ ఆ వివరాలు నింపే గుమస్తా ఒకరు, భత్యంతో అద్దె కట్టే విద్యార్థి ఒకరు మొదటి రోజు నుంచీ ఆ బల్ల దగ్గర ఉంటే, ‘ఒక విద్యార్థికి మూడు చోట్ల క్లాసులుంటే ఈ లెక్క ఎలా వేస్తారు?’ అన్న ప్రశ్న ముందే వచ్చేది. అందుకని ఆ సెక్షన్‌లో ఇంకో వాక్యం చేర్చమని అడుగుతాను: ప్రస్తుతం చదువుకుంటున్న మాజీ సైనికులు ఇద్దరు, ధ్రువీకరణ పని చేసేవారు ఒకరు సభ్యులుగా ఉండి తీరాలి. ‘సాధ్యమైనంత వరకు’ అన్న మెత్తటి మాట ఇక్కడ వద్దు.

ఇదంతా అమెరికా గొడవ, మాకెందుకని మీరు అనుకోవద్దు. మన సైన్యం నుంచి ఏటా దాదాపు 60 వేల మంది బయటికి వస్తారు, ఎక్కువమంది 35, 45 ఏళ్ల మధ్యవాళ్లు. పునరావాస డైరెక్టరేట్ శిక్షణ కోర్సులు నడుపుతోంది, జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. ఆపైన 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ల సేవ, ఆ తరువాత 25 శాతం వరకే కొనసాగింపు. నౌకాదళపు తొలి అగ్నివీరుల జట్టు ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో 2023 మార్చిలో శిక్షణ పూర్తి చేసుకుంది. వాళ్ల నాలుగేళ్లు నిండే రోజు ఎంతో దూరం లేదు. మిగతా 75 శాతం పిల్లలు మా నాన్నగారి కంటే పదిహేనేళ్లు చిన్న వయసులో ట్రంకు పెట్టె దించుకుంటారు. సైన్యంలో నేర్చుకున్న పనికి సగం క్రెడిట్లు ఇచ్చి, మిగతా సగం చదివితే డిగ్రీ ఇచ్చేలా ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా ఏర్పాటు ప్రకటించారు. చాలా మంచి ఆలోచన. మా నాన్నగారి రేడియో పనికి ఆ రోజుల్లో ఆ సగం క్రెడిట్లు ఇచ్చి ఉంటే మా ఇంటి కథ వేరుగా ఉండేది.

కానీ ఆ డిగ్రీ పట్టుకుని వెళ్లిన పిల్లవాణ్ణి యజమాని లోపలికి రానిస్తున్నాడా, పాఠం అందుతోందా, పరీక్ష సమయానికి జరుగుతోందా అన్నది ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. చూసి, రాసిపెట్టి, పార్లమెంటుకు పంపాలి. ఆ కుర్చీని చట్టంలోనే వేయమని అడగండి. ఈ గదిలో ఉన్నవాళ్లంతా ఓటర్లే. జిల్లా సంఘంగా ఒక్క పేజీ రాసి మీ పార్లమెంటు సభ్యుడికి ఇవ్వండి. అగ్నివీరుల చదువు మీద సలహా సంఘం, అందులో ఒక అగ్నివీరుడు, సమావేశాలకు తెరిచిన తలుపు, నివేదిక పార్లమెంటుకు. ఇంతే. ముసాయిదా రాయడానికి నేను మీతో కూర్చుంటాను, ఇంకా పన్నెండు రోజులు ఊళ్లోనే ఉంటాను.

(సభలో ఒక పెద్దాయన: అమ్మా, ఆ ట్యాంకుల కుర్రాడు ఏమయ్యాడో చెప్పలేదు.)

చెబుతాను బాబాయి గారూ. నేను ఇందాక చెప్పిన 2017 సవరణలోనే ఇంకో నిబంధన ఉంది. మూతపడిన కాలేజీల్లో చదువుతూ నష్టపోయిన సైనికులకు, అక్కడ ఖర్చయిన నెలలను తిరిగి ఇవ్వాలని. 2015 జనవరి తరువాత మూతపడిన కాలేజీలకూ అది వర్తిస్తుంది. ఆ వార్త చూసిన రోజే అతనికి ఫోను చేశాను. గ్యారేజీ నుంచి అలాగే వచ్చేశాడు. దరఖాస్తు నా బల్ల మీదే నింపాం. కాలేజీ మూతపడిన తేదీ దగ్గర ఆగిపోయి, కాసేపు ఏమీ రాయలేదు. తరువాత రాశాడు. కొన్ని వారాలకు కొత్త అర్హత పత్రం వచ్చింది. దాన్ని మడవకుండా, అట్టల మధ్య పెట్టుకుని తెచ్చి నాకు చూపించాడు. పోయిన నెలలన్నీ తిరిగి దాని మీద ఉన్నాయి. ఆ వచ్చే సోమవారం నుంచి అతనికి క్లాసులు. ఆ ధ్రువీకరణ నేనే పంపాను.